కాటా మీద కాసేపు

ఏసేబూ, ఇంజనాపు. డీజిలేమైనా ఊరికే వస్తోందా?
ఇలా వచ్చి కూర్చో. కుండలో మజ్జిగుంది.

పుల్లరు కొంటానంటున్నావు,
వెనక లోబెడ్ ట్రైలరు కట్టి
ఆకివీడు నుంచి మొగల్తూరు దాకా
ఎక్కడ రొయ్యల చెరువు తవ్వితే అక్కడికి
పొక్లెయిన్లు మోస్తానంటున్నావు.
బాగుంది.
పద్నాలుగేళ్ళుగా ఈ కిటికీ వెనక అంకెలు చదువుతున్నదాన్ని,
నాకు తెలిసింది చెప్తాను.
నచ్చకపోతే కాటా డబ్బులిచ్చి చీటీ పట్టుకుపో.

అందరూ హార్సుపవరే అడుగుతారు.
అద్దం మీద పులిబొమ్మ, నెత్తిన నాలుగు హారన్లు,
ఎన్ని గుర్రాలు, ఎన్ని గుర్రాలు అని.
మన దేశం చూడు, చాప పరిచినట్టుంటుంది.
నీళ్ళు కూడా ఎటు పోవాలో ఆలోచించుకుని కదులుతాయిక్కడ.
ఈ నేల మీద లాగడం ఏం గొప్ప?
మనకి కొండల్లేవు, వంతెనలే మన ఘాట్లు.
చించినాడ వంతెన ఎక్కేటప్పుడు
రెండో గేరులో బండి మూలుగుతుందే,
అది పైకి వినబడే కష్టం.
దిగేటప్పుడు ముప్ఫై టన్నులు
చప్పుడు చెయ్యకుండా వెనకనుంచి వచ్చి
భుజమ్మీద చెయ్యేస్తాయి.
అప్పుడు నీ గుర్రాలన్నీ గడ్డి మేస్తుంటాయి.

అందుకని ముందు గాలిగొట్టాలు చూడు.
అతుకుల దగ్గర సబ్బునీళ్ళు రాయి, బుడగలొస్తే బేరం వదిలెయ్.
కింగు పిన్ను అరిగిందో లేదో
నాగూర్ మీరాని కిందకి దూరి చూడమను,
వాడికి కళ్ళజోడు మర్చిపోకుండా ఇవ్వు.
క్రౌను పళ్ళ లెక్క అడుగు.
పరుగు తగ్గినా పర్లేదు, పట్టు కావాలి,
చెరువుగట్టు మీద ఎవడితో పందెం నీకు?
పొడుగు బండి దర్జాగా ఉంటుంది, నిజమే,
లాకు దగ్గర మలుపులో తిరగదు.
తిప్పబోయి తలో కొబ్బరి మొక్క తొక్కి
వారానికో తగువు తీర్చుకోలేవు.
ఇక ఆ గట్ల అంచులు,
పైన ఎండి పెళుసుగా, లోపల జున్నులా.

ఇదంతా ఎవరైనా చెప్తారు.
నేను చెప్పాలనుకున్నది వేరు.

మేకా పోతురాజు తెలుసుగా నీకు.
ఆ రోజు ఇక్కడే, ఇదే పలక మీద నిలబెట్టాడు.
నలభై టన్నుల నాలుగు వందలు.
కాగితాలకి సరిపోయింది. చీటీ చింపి ఇచ్చాను.
"తల్లీ, సరిగ్గా ఉందిగా" అన్నాడు.
"సరిగ్గా ఉంది" అన్నాను.
అబద్ధం కాదు.
పొక్లెయిను తోకవైపు నాలుగడుగులు ఎక్కువ జరిగి ఉంది,
పుల్లరు వెనక చక్రాల మీద బరువే లేదు,
బొటనవేళ్ళ మీద నడిచేవాడిలా వెళ్ళాడు.
తడిసిన వంతెన దిగుతుంటే
ట్రైలరు వాణ్ణి పక్కకి మడిచేసింది.
పోతురాజు బతికాడు. కుడికాలు లేదు.
ఇప్పుడు పాలకొల్లులో చెప్పుల కొట్టు పెట్టాడు,
ఆ ఎకసెక్కం వాడే చేస్తాడు, నేను నవ్వలేను.

మొత్తం ఎంతో చెప్పాను.
ఎక్కడుందో చెప్పలేదు.
అడగలేదు వాడు, నిజమే.
చీటీలో ఆ గడి కూడా లేదు.

లే, ఏసేబూ.
బేరానికి తెచ్చిన ఈ బండినే
కాస్త ముందుకి పోనీ. ఆగు. ఇంకో జానెడు.
ట్రైలరు చక్రాలు మట్టి మీదే ఉండనీ,
పుల్లరు ఒక్కటే పలకెక్కాలి.
ఇప్పుడు ముందు చక్రాలు దింపు.
రెండు అంకెలూ నీ చేత్తో రాసుకో,
తీసివేత వచ్చుగా?

వెనక ధాన్యం ట్రాక్టరువాడు హారను కొడుతున్నాడు.
కొట్టుకోనీ.